ఉంగరానికి సహజమైన, ట్రీట్‌మెంట్ లేని ఆకుపచ్చ గార్నెట్ కావాలి: ఈ మూడింటిలో ఏది తీసుకోవచ్చు?

మరకతఛాయ అడిగినది:

రోజూ పెట్టుకునే ఉంగరానికి మధ్య రాయిగా ఆకుపచ్చ గార్నెట్ కావాలి. రాయి భూమిలో దొరికినదే అయి ఉండాలి. వేడి చేసినదీ, నూనె పట్టించినదీ, పూత వేసినదీ వద్దు. మరకతం వద్దనుకున్నది కూడా ఇందుకే, నూనె పట్టించని మంచి మరకతం దొరకడం కష్టం.

మూడు రాళ్ళు తెప్పించి పెట్టుకున్నాను. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి పంపొచ్చు. కొలతలు క్యాలిపర్‌తో తీశాను, తూకం క్యారెట్ కాటాలో చూశాను.

మొదటిది: సావోరైట్ అని అమ్ముతున్నారు. ఓవల్, 8.0 × 6.0 × 4.9 మిల్లీమీటర్లు, 1.70 క్యారెట్లు. రంగు నిండుగా ఉంది. కానీ మధ్యలో కాస్త వెలిసినట్టు, అంచుల్లో నల్లగా కనిపిస్తోంది. లూప్‌లో (నగలవాళ్ళు వాడే చిన్న భూతద్దంలో) చూస్తే రెండు నల్లటి చిన్న రేకులు, పక్కన ఈకలాంటి సన్నని చీలిక ఒకటి ఉన్నాయి. చీలిక పైకి వచ్చిందో లేదో తెలియలేదు.

రెండోది: డిమాంటాయిడ్. గుండ్రం, 5.6 మిల్లీమీటర్లు, లోతు 3.5, తూకం 0.76. పసుపు కలిసిన ఆకుపచ్చ, మెరుపు విపరీతం. లోపల బంగారు దారాల్లాంటి పోగులు ఒక చుక్క నుంచి విసనకర్రలా విచ్చుకున్నాయి. వాటిలో కొన్ని ఒక పక్క గర్డిల్ (రాయి నడుము అంచు) దాకా వెళ్ళాయి. రష్యాలోని ఉరల్ రాయి అంటున్నారు. దీనితో ఇచ్చిన ల్యాబ్ కాగితంలో 'సహజ డిమాంటాయిడ్' అని మాత్రమే ఉంది, ట్రీట్‌మెంట్ ఎదురుగా ఏమీ రాయలేదు.

మూడోది: 'నేచురల్ గ్రీన్ గార్నెట్' అన్నారు, రకం చెప్పలేదు, కాగితం లేదు. గుండ్రం, 7.0 మిల్లీమీటర్లు, లోతు 4.5, తూకం 1.81. పది రెట్ల లూప్‌లో ఒక్క మచ్చ కూడా కనిపించలేదు. చూడ్డానికి మూడింటిలో ఇదే బాగుంది, క్యారెట్ లెక్కన ధర కూడా తక్కువే.

వీటిలో ఏది నిజమైనది, ఏది రోజువారీ ఉంగరానికి పనికొస్తుంది, ట్రీట్‌మెంట్ లేదని ఎలా నిర్ధారించుకోవాలి?

---

తూనికరాయి:

మూడోదాన్ని ముందు పక్కన పెట్టండి. మీరిచ్చిన అంకెల్లోనే దాని గుట్టు ఉంది.

గుండ్రటి రాయి తూకాన్ని కొలతల నుంచి అంచనా వేసే లెక్క ఇది: వ్యాసం × వ్యాసం × లోతు × సాపేక్ష సాంద్రత × 0.0018. మీ రాయికి 7 × 7 × 4.5 × 0.0018 అంటే 0.397. తూకం 1.81ని దీనితో భాగిస్తే సాంద్రత దాదాపు 4.56 వస్తుంది. సావోరైట్ 3.6 దగ్గర ఉంటుంది, డిమాంటాయిడ్ 3.84 దగ్గర. ఈ కొలతల్లో సావోరైట్ అయితే 1.43 క్యారెట్లు తూగాలి. గర్డిల్ మందంగా ఉంటే లెక్క ఐదారు శాతం అటూ ఇటూ కావచ్చు గానీ 27 శాతం తేడా రాదు.

4.55 యాగ్ సాంద్రత. యాగ్ అంటే యిట్రియం అల్యూమినియం గార్నెట్, ప్రయోగశాలలో పెంచే స్ఫటికం. దాని అణు నిర్మాణం గార్నెట్‌దే కాబట్టి 'గార్నెట్' అన్న మాటను అడ్డం పెట్టుకుని అమ్మేస్తుంటారు. కానీ అది సిలికేట్ కాదు, అలాంటి రత్నం ప్రకృతిలో దొరకదు. 'సహజ' అన్న మాట దానికి ఏ విధంగానూ వర్తించదు. అంత పెద్ద రాయి, అంత శుభ్రం, అంత చవక, పైగా రకం పేరు చెప్పలేదు. ఈ నాలుగూ కలిస్తే అనుమానించాల్సిందే.

లెక్కతో ఆగకుండా నీటి తూకం కూడా వేయండి. క్యారెట్ కాటా మీద చిన్న గాజు గ్లాసులో కాచి చల్లార్చిన నీళ్ళు పెట్టి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, కాటాను సున్నా చేయండి. రాయిని సన్నటి తీగతో కట్టి నీళ్ళలో పూర్తిగా ముంచి వేలాడదీయండి. అది అడుగునూ, గోడనూ తాకకూడదు. రాయికి అంటిన గాలి బుడగలను కుంచెతో తుడిచేయండి, బుడగ ఒక్కటి మిగిలినా అంకె తప్పుతుంది. అప్పుడు కాటా చూపించేది రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. గాలిలో తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది. మునిగే తీగ పొడవు తక్కువగా ఉంచండి, తీగ కూడా కాస్త నీటిని నెడుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. 0.01 క్యారెట్ దాకా చూపించే కాటాలో ఒక క్యారెట్ సావోరైట్ 0.28 చూపిస్తుంది, ఒక క్యారెట్ డిమాంటాయిడ్ 0.26. ఆ 0.02 తేడా కాటా పొరపాటులోనే కలిసిపోతుంది. యాగ్‌నూ గార్నెట్‌నూ వేరు చేయడానికి ఇది చాలు. సావోరైట్‌నూ డిమాంటాయిడ్‌నూ వేరు చేయాలంటే 0.001 దాకా చూపే కాటా గానీ వేరే పరీక్ష గానీ కావాలి.

ఆ వేరే పరీక్షల్లో ఇంట్లో చేయగలిగేది అయస్కాంతం. బలమైన నియోడిమియం అయస్కాంతం తీసుకోండి. నీటి గ్లాసులో చిన్న థర్మోకోల్ ముక్క తేల్చి దాని మీద రాయిని పెట్టి, అయస్కాంతాన్ని రాయికి ఒక మిల్లీమీటరు దూరం దాకా తీసుకురండి. డిమాంటాయిడ్ అంటే కాల్షియం, ఇనుము ఉన్న ఆండ్రడైట్. ఇనుము దాని నిర్మాణంలోనే ఉంది కాబట్టి ముక్కతో సహా అయస్కాంతం వెంట వచ్చేస్తుంది. సావోరైట్ కాల్షియం, అల్యూమినియం ఉన్న గ్రాసులార్. దానికి రంగునిచ్చేవి కొద్దిపాటి వెనేడియం, క్రోమియం, అందుకే దాదాపు కదలదు. యాగ్ విషయంలో మాత్రం అయస్కాంతాన్ని నమ్మకండి, రంగు కోసం అందులో ఏం కలిపారన్నదాన్ని బట్టి స్పందన మారుతుంది.

---

సానచక్రం:

మొదటి రాయి గురించి చెప్తాను. ఓవల్‌కు లెక్కలో చివరి అంకె 0.0020. 8 × 6 × 4.9 × 3.61 × 0.0020 అంటే 1.70. మీ తూకంతో సరిగ్గా సరిపోయింది కాబట్టి సావోరైట్ అన్న మాటను ఇప్పటికి నమ్మొచ్చు. ఆ నల్ల రేకులు గ్రాఫైట్ అయి ఉండొచ్చు. సావోరైట్ పుట్టేది గ్రాఫైట్ ఉన్న రూపాంతర శిలల్లోనే. కెన్యా, టాంజానియా, మడగాస్కర్ రాళ్ళలో అది మామూలే, అమ్మేవాళ్ళు దాన్ని లోపమనుకుని సిగ్గుపడక్కర్లేదు.

దాని అసలు లోపం సాన. వెడల్పు 6 మిల్లీమీటర్లు, లోతు 4.9, అంటే 82 శాతం. 65 శాతం లోతుతో, అంటే 3.9 మిల్లీమీటర్లతో కోసి ఉంటే ఇదే ముఖంతో 1.35 క్యారెట్లు తూగేది. మిగతా 0.35 క్యారెట్ రాయి బొడ్డులో ఉంది. ఉంగరంలో అది కనిపించదు, మీరు మాత్రం దానికీ డబ్బు కడతారు. ఆకుపచ్చ రాళ్ళను క్యారెట్ల లెక్కన కాకుండా మిల్లీమీటర్ల లెక్కన పోల్చమని నేను అనేది ఇందుకే. ఇంకో సంగతి, మరకతం సాంద్రత 2.7 దగ్గర ఉంటుంది కాబట్టి అదే తూకంలో సావోరైట్ ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. మరకతానికి అలవాటైన కన్ను ఇక్కడ మోసపోతుంది.

మధ్యలో వెలిసినట్టు, అంచుల్లో నల్లగా ఎందుకుందంటే, తూకం కాపాడుకోవడానికి పెవిలియన్‌ను (గర్డిల్ కింది భాగాన్ని) ఉబ్బెత్తుగా వదిలేశారు. గర్డిల్ దగ్గర ముఖాలు నిట్రంగా దిగి, అడుగుకు వచ్చేసరికి చదునైపోయాయి. సావోరైట్ వక్రీభవన గుణకం 1.74, దాని సందిగ్ధ కోణం సుమారు 35 డిగ్రీలు. అడుగు ముఖాల కోణం అంతకన్నా తగ్గితే పైనుంచి వచ్చిన వెలుగు వెనక్కి తిరగకుండా కిందికి జారిపోతుంది. అచ్చులో ఉన్న అక్షరాల మీద రాయిని బోర్లించకుండా, టేబుల్ (రాయి పైనుండే పెద్ద చదును ముఖం) పైకి ఉండేలా పెట్టి చూడండి. మధ్యలోంచి అక్షరం చదవగలిగితే అక్కడ కిటికీ ఉన్నట్టే. మంచి కోతలో కిటికీ ఉండదు, రాయిని పది డిగ్రీలు వంచినా తెరుచుకోదు.

రంగు చూసేటప్పుడు కొట్లో స్పాట్‌లైట్‌ను నమ్మకండి. దాని కింద ఏ రాయైనా మెరుస్తుంది. నీడపట్టున పగటి వెలుగు, 5000 నుంచి 6500 కెల్విన్ ఎల్ఈడీ, ఇంట్లో వాడే 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు, ఈ మూడింటి కిందా చూడండి. తర్వాత గది మసక వెలుగులో వేలి మధ్య పెట్టి చేయి చాచి చూడండి. రోజూ పెట్టుకునే రాయిని ఎక్కువసేపు చూసేది అలాంటి వెలుగులోనే. అక్కడ నల్లబడే రాయి ఎంత ఖరీదైనా మీకు తృప్తినివ్వదు. స్వచ్ఛమైన ఆకుపచ్చ గానీ కాస్త నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చ గానీ, మధ్యస్థం నుంచి కొంచెం ముదురు దాకా ఉంటే అది సావోరైట్‌లో మేలైన రంగు. పసుపు ఎక్కువయ్యే కొద్దీ విలువ తగ్గుతుంది. బాగా లేతగా ఉంటే దాన్ని మింట్ గార్నెట్ అంటారు. అది వేరే అందం, దాన్ని సావోరైట్ ధరకు కొనకూడదు.

ఈ రాయిని మళ్ళీ సాన పట్టించొచ్చు. లోతు తగ్గితే వెలుగు రాయిలో ప్రయాణించే దూరం తగ్గి రంగు ఒక మెట్టు తేలుతుంది, అంచుల నలుపు పోతుంది. ముదురు రాయికి అది లాభమే. కానీ పావు క్యారెట్‌కు పైగా పోవచ్చు, ఈక ఉన్న చోట విరిగే ప్రమాదం ఉంది. ధరలో ఆ నష్టం తగ్గిస్తేనే దీన్ని తీసుకోండి. పట్టించేవాళ్ళకు ఒక మాట చెప్పండి: వేడి లక్కతో కర్రకు అతికించకుండా ఎపాక్సీతో చల్లగా అతికించమనండి. గార్నెట్లకు హఠాత్తు వేడీ హఠాత్తు చల్లదనమూ పడవు.

---

పదింతలలూప్:

ట్రీట్‌మెంట్ ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను చెప్తాను. సావోరైట్‌కూ డిమాంటాయిడ్‌కూ జవాబు ఒకటి కాదు.

సావోరైట్‌ను వేడి చేసి రంగు బాగుచేయడం వ్యాపారంలో లేదు. దాని రంగు పుట్టుకతో వచ్చినదే. 1967లో టాంజానియాలో కాంప్‌బెల్ బ్రిడ్జెస్ కనుగొన్న ఈ రాయికి 1974లో టిఫనీ సంస్థ కెన్యాలోని సావో జాతీయ వనం పేరు మీదుగా పేరు పెట్టి బజారులోకి తెచ్చింది. ట్రీట్‌మెంట్ అక్కర్లేని ఆకుపచ్చ అన్నదే అప్పటినుంచీ దాని బలం. అందుకని చూడాల్సింది ఒక్కటే, పైకి తెరుచుకున్న చీలికలో నూనె గానీ రెసిన్ గానీ నింపారా అని. ఇది అరుదు, కానీ చీలిక పైకి వచ్చిన ఏ రాయిలోనైనా చేయగలిగిన పనే.

మీ మొదటి రాయిలో ఈకను ఇలా చూడండి. లూప్ కింద రాయిని మెల్లగా తిప్పుతూ దీపం ప్రతిబింబం ముఖం మీద పడేలా పట్టుకోండి. చీలిక పైకి వచ్చి ఉంటే ఆ మెరిసే ముఖం మీద వెంట్రుకంత గీత కనిపిస్తుంది. గీత లేకపోతే నింపడానికి దారే లేదు. గీత ఉంటే చీలిక వెంట చూడండి: చదునైన బుడగలు, రాయిని వంచినప్పుడు నీలి లేక నారింజ తళుకు ఉంటే రెసిన్ అనుమానించాలి. దీర్ఘతరంగ అతినీలలోహిత దీపం కింద సావోరైట్ ఎక్కువగా స్పందించదు, చీలికలోని నూనె మాత్రం పసుపుగా వెలగొచ్చు. టాంజానియాలోని మెరెలానిలో దొరికే లేత రంగు రాళ్ళు ఒళ్ళంతా సన్నగా నారింజగా వెలుగుతాయి, దాన్ని నూనె అనుకోకండి. నూనె వెలుగు చీలిక గీత మీదే ఉంటుంది. వేడి సూది పరీక్ష మాత్రం చేయొద్దు, రాయి పాడవుతుంది.

డిమాంటాయిడ్ సంగతి వేరు. ఉరల్ రాళ్ళలో గోధుమ, పసుపు ఛాయలు తగ్గించడానికి ఆక్సిజన్ తక్కువ ఉన్న వాతావరణంలో వేడి చేయడం ఉన్నదే. ఆకుపచ్చ తేటపడుతుంది, చూసినవాళ్ళకు తేడా తెలియదు. దాన్ని పట్టుకోవడం ల్యాబుకు కూడా కష్టమే. మీరు చూసిన ఆ బంగారు పోగులు క్రిసోటైల్ అనే ఖనిజం. వేడి తగిలితే అందులోని నీరు పోయి కొన్నిసార్లు పోగుల చుట్టూ చిన్న ఒత్తిడి పగుళ్ళు వస్తాయి, పోగులు మసకబారతాయి. కానీ అవి లేనంత మాత్రాన వేడి చేయలేదని చెప్పలేం. అందుకే మీ కాగితంలో ట్రీట్‌మెంట్ ఎదురుగా ఖాళీ ఉండడం చిన్న విషయం కాదు. గుర్తింపు మాత్రమే చేసే చిన్న కార్డులో ఖాళీ అంటే ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదని అర్థం. ట్రీట్‌మెంట్ లేదని కాదు. 'వేడి చేసిన సూచనలు లేవు' అని అక్షరాలా రాసే పూర్తి రిపోర్టు అడగండి. ఆ మాట అయినా 'వెతికితే ఆనవాలు దొరకలేదు' అన్నంత వరకే.

పోగులను గుర్రపుతోక అంటారు. చాలావరకు ఒక క్రోమైట్ గింజ నుంచి మొదలై విచ్చుకుంటాయి. యాగ్‌లోనూ గాజులోనూ అవి ఉండవు కాబట్టి సహజం అనడానికి గట్టి ఆధారం. కానీ ఉరల్ అనడానికి ఆధారం కాదు. సర్పెంటినైట్ శిలల్లో పుట్టిన డిమాంటాయిడ్ అన్నింటికీ తోక ఉండొచ్చు: ఇటలీలో వాల్ మలెంకో, ఇరాన్, పాకిస్తాన్ రాళ్ళకూ ఉంటుంది. నమీబియా, మడగాస్కర్ రాళ్ళు సున్నపు శిలల్లో పుట్టినవి, వాటికి తోక ఉండదు. అంచేత తోక చూపించి 'ఉరల్' అని అదనంగా ధర వేస్తే, ఆ చోటి పేరు కూడా ల్యాబ్ రాసి ఇవ్వాలి.

కాగితం చేతిలోకి వచ్చాక రిపోర్టు నంబరును ల్యాబ్ సొంత సైటులో చూసి, అక్కడి కొలతలను మీ క్యాలిపర్ అంకెలతో పోల్చండి. తూకం 0.01 క్యారెట్ దాకా, కొలతలు పదో వంతు మిల్లీమీటరుకు అటూ ఇటూ సరిపోవాలి. నిజమైన రిపోర్టును వేరే రాయితో జతచేసి అమ్మే మోసం కూడా ఉంది.

---

మరకతఛాయ:

అందరికీ ధన్యవాదాలండీ. నీటి తూకం వేశాను. మూడోది 0.40 చూపించింది, అంటే 4.53. మొదటిది 0.47, అంటే 3.62. రెండోది 0.20, అంటే 3.80. అయస్కాంతానికి రెండోది వెంటనే వచ్చేసింది, మొదటిది కదల్లేదు. మొదటిదాంట్లో ఈక పైకి రాలేదు, ఏ ముఖం మీదా గీత లేదు. మూడోదాన్ని వెనక్కి పంపుతున్నాను.

అక్షరాల మీద పెడితే మొదటిదాని మధ్యలో రెండక్షరాలు చదవగలిగాను. ఇప్పుడు నా ముందున్నవి రెండే: మొదటిదాన్ని తగ్గింపు ధరకు తీసుకుని సాన పట్టించడం, లేదా డిమాంటాయిడ్. దాని మెరుపు నన్ను వదలడం లేదు. రోజూ పెట్టుకుంటే నిజంగా అంత ఇబ్బందా? మాలి గార్నెట్ అని ఇంకొకటి చూపించారు, అదేమిటో కూడా చెప్పగలరా?

---

తూనికరాయి:

మూడో రాయి సంగతి తేలిపోయింది. రెండోదానికి 3.80 అంటే మీ కాటా పొరపాటు కలుపుకుని 3.6 నుంచి 4.0 దాకా ఎక్కడైనా కావచ్చు. ఆ అంకె ఒంటరిగా చెప్పేది తక్కువ. అయస్కాంతం, గుర్రపుతోక రెండూ కలిశాయి కాబట్టి అది డిమాంటాయిడే. మొదటిదాన్ని రిఫ్రాక్టోమీటరు (వక్రీభవన గుణకం కొలిచే పరికరం) ఉన్నచోట ఒక్కసారి చూపించండి, 1.74 దగ్గర ఒకే గీత రావాలి. డిమాంటాయిడ్ 1.88, యాగ్ 1.83. రెండూ 1.81 దగ్గర ఆగిపోయే ఆ పరికరానికి అందవు, కాబట్టి 'గీత రాలేదు' అన్నది డిమాంటాయిడ్‌కు రుజువు కాదు. దీన్ని రుజువుగా చూపించి యాగ్ అమ్మేవాళ్ళున్నారు.

మాలి గార్నెట్ అంటే గ్రాసులార్, ఆండ్రడైట్ కలిసిన రాయి. 1994లో మాలి దేశంలో దొరికి బజారుకు వచ్చింది. పసుపు ఆకుపచ్చ నుంచి గోధుమ దాకా ఉంటుంది, గుణకం 1.76 నుంచి 1.78 మధ్య. మెరుపు సావోరైట్ కన్నా ఎక్కువ, కాఠిన్యం సావోరైట్‌కు దగ్గర. పసుపు ఛాయ అభ్యంతరం లేకపోతే రోజువారీ ఉంగరానికి మంచి మధ్యేమార్గం. నిండు ఆకుపచ్చ కోరేవాళ్ళకు అది సరిపడదు. పేర్ల మాట వచ్చింది కాబట్టి: 'ట్రాన్స్‌వాల్ జేడ్' అంటే పారదర్శకం కాని హైడ్రోగ్రాసులార్, 'ఉరల్ ఎమరాల్డ్' అంటే డిమాంటాయిడ్‌కు పెట్టిన తప్పుడు పేరు. మనం గోమేధికం అనే హెస్సొనైట్ కూడా గ్రాసులారే, సావోరైట్‌కు తోబుట్టువు. 'పచ్చ' అన్న మాట మాత్రం మరకతానిది, బిల్లులో 'గార్నెట్ పచ్చ' లాంటి పేరు ఉంటే మార్పించండి.

---

కమ్మచ్చు:

పొదిగే పని వైపు నుంచి చెప్తాను. డిమాంటాయిడ్ రోజువారీ ఉంగరానికి వద్దు. కాఠిన్యం ఆరున్నర నుంచి ఏడు. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, దాని కాఠిన్యం ఏడు. ఉంగరం మీద దుమ్మును పొడి గుడ్డతో తుడిచినప్పుడల్లా ముఖాల అంచులు కొంచెం కొంచెంగా మొద్దుబారతాయి. ఏ మెరుపు చూసి కొన్నారో ఆ మెరుపే ముందు పోతుంది. దాని వర్ణవిక్షేపణ 0.057, వజ్రానికి 0.044. అంత రంగుల తళుకు నిలవాలంటే అంచులు వాడిగా ఉండాలి. పైగా మీ రాయిలో పోగులు గర్డిల్ దాకా వెళ్ళాయి. గోటిని (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కేన్ని) అక్కడే వంచితే రాయి పెచ్చు లేస్తుంది. చెవిపోగుకో పతకానికో అయితే సంతోషంగా పొదుగుతాను.

*(సానచక్రం: తోక టేబుల్ మధ్యలో ఉండి గర్డిల్‌కు దూరంగా ఉన్న రాయి దొరికితే, అంచు అంతా బెజెల్‌తో (రాయి చుట్టూ తిరిగే లోహపు గోడతో) కప్పి, అప్పుడప్పుడు పెట్టుకునే ఉంగరానికి నేను ఒప్పుకుంటాను. ఈ రాయికి మాత్రం కమ్మచ్చు గారి మాటే నా మాట.)*

సావోరైట్ ఏడు నుంచి ఏడున్నర. జాగ్రత్తగా పొదిగితే రోజూ పెట్టుకోవచ్చు. ఓవల్‌కు నాలుగు గోళ్ళు చాలవు, ఆరు పెట్టించండి, లేదా పూర్తి బెజెల్. బెజెల్ గోడ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా మందమైతే దాన్ని మూయడానికి సుత్తి గట్టిగా వాడాలి, ఆ దెబ్బ రాయికి తగులుతుంది. కింద గ్యాలరీ (రాయి అడుగున ఉండే చట్రం భాగం) తెరిచి ఉంచమనండి. వెనక రేకు పెట్టి మూసేసే పొదుగు వద్దు. రేకు లేత రాయిని నిండుగా చూపిస్తుంది, చెమ్మ చేరితే నల్లబడుతుంది, రేపు ఎవరైనా రాయిని పరీక్షించాలన్నా కుదరదు. రాయి వేలికి దగ్గరగా, తక్కువ ఎత్తులో కూర్చోవాలి.

సాన పట్టించేది ఉంటే ముందు అది పూర్తి చేయించి, కొత్త కొలతలు తీసుకున్నాకే ఉంగరం చట్రం మొదలుపెట్టించండి. ఉబ్బెత్తు రాయికి చెక్కిన సీటులో (రాయి కూర్చునే గుంటలో) మళ్ళీ సాన పట్టిన రాయి కూర్చోదు. సీటు కోణం పెవిలియన్‌తో కలవకపోతే రాయి రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది, గోరు నొక్కిన రోజు బాగానే ఉండి మరుసటి దెబ్బకు గర్డిల్ దగ్గర చిట్లుతుంది. కోసేవాళ్ళకు గర్డిల్‌ను కత్తి అంచులా వదలొద్దని చెప్పండి.

అతుకులన్నీ రాయి పెట్టకముందే అయిపోవాలి. తర్వాత సైజు మార్చాల్సి వస్తే రాయి తీసి చేయాలి, లేదా లేజర్‌తో. రాయి ఉండగా మంట పెట్టి, ఆ వేడి మీదే ఆమ్లంలో ముంచితే గార్నెట్ పగులుతుంది. పాత ఉంగరాల్లో గార్నెట్లు పగిలి కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. పాలిష్ చక్రం కూడా రాయి పక్కన ఎక్కువసేపు ఆపకూడదు.

శుభ్రానికి గోరువెచ్చని నీళ్ళు, మెత్తని సబ్బు, మెత్తటి కుంచె చాలు. ముందు నీళ్ళలో తడిపి దుమ్ము కడిగాకే తుడవండి. అల్ట్రాసోనిక్, ఆవిరి యంత్రాలు వద్దు, మీ రాయిలో ఈక ఉంది కదా. ఆరు నెలలకోసారి దూది పోగును గోళ్ళ మీదుగా లాగండి. పోగు చిక్కుకుంటే గోరు లేచినట్టు.

---

పదింతలలూప్:

మొదటిదే తీసుకుంటున్నారని అనిపిస్తోంది, నేనూ అదే తీసుకునేవాణ్ణి. డబ్బు కట్టేముందు బిల్లులో ఇలా రాయించండి: సహజ గ్రాసులార్ గార్నెట్, రకం సావోరైట్, వేడి చేయలేదు, చీలికలు నింపలేదు, పూత లేదు, తూకం ఇంత, కొలతలు ఇంత, ల్యాబ్ ఇందుకు భిన్నంగా చెబితే పూర్తి డబ్బు వాపసు. సాన పట్టించాక తూకం మారుతుంది, పాత రిపోర్టు చెల్లదు. కాబట్టి పూర్తి రిపోర్టును సాన తర్వాతే, పొదగకముందే చేయించండి. పొదిగిన రాయిని కాటా మీద తూచలేరు, వెనక వైపు పూర్తిగా చూడలేరు, ల్యాబ్ కూడా అంచనా తూకమే రాస్తుంది.

రాయిని కోసేవాళ్ళకు గానీ పొదిగేవాళ్ళకు గానీ ఇచ్చేముందు లూప్‌కు ఫోను కెమెరా ఆనించి ఆ రెండు గ్రాఫైట్ రేకులనూ ఈకనూ ఫోటో తీసి పెట్టుకోండి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. కోత మారినా రేకుల మధ్య దూరం, అవి ఈకకు ఏ వైపున్నాయన్నది మారదు, కోతలో రేకే అరిగిపోతే తప్ప. ఉంగరం చేతికొచ్చినప్పుడు ఆ ఫోటోతో పోల్చి చూసి, చెవి దగ్గర పెట్టి వేలితో మెల్లగా తట్టండి. టిక్కుమని చప్పుడు వస్తే రాయి సీటులో కదులుతోందన్నమాట, అక్కడే ఇచ్చేసి బిగించమనండి.